మేఘ భాండాగారము: లైనక్సు కంప్యూటరునందు దానిని నెలకొల్పు విధము

విద్యార్థులారా, వ్రాసినదానిని భద్రపఱచుకొనుట వ్రాయుటయంత ముఖ్యమైన పని. ఏడాది పొడుగున శ్రమపడి వ్రాసికొన్న పాఠముల సారము, విజ్ఞానశాస్త్ర ప్రయోగముల లెక్కలు, పాఠశాల హాజరు పట్టీలు, మార్కుల పుస్తకములు, తల్లిదండ్రులు దాచిన జనన పత్రములు, పొలముల దస్తావేజుల నకళ్లు, ఇవి యన్నియు నేడు కొంత కాగితముమీదను కొంత కంప్యూటరులోను ఉన్నవి. ఒక్క చోటనే యున్న వస్తువు ఆ చోటికి వచ్చిన ఆపదతోనే పోవును. కావున ఒక నకలును దూరముననున్న మఱియొక చోట నుంచు ఉపాయమును మన మెఱిగి యుండవలెను. అట్టి ఉపాయములలో నొకటి మేఘ భాండాగారము. దానిని లైనక్సు కంప్యూటరునందు నెలకొల్పు విధమును, దానివలన కలుగు మేలును, దానివలన కాని పనిని ఈ వ్యాసమున వివరించెదము.

మన డెల్టాయు నీటి భయమును

కృష్ణా డెల్టాకు అన్నము పెట్టునదియు నీరే, అపాయము తెచ్చునదియు నీరే. రాబర్టు నోబుల్ గారు 1843లో బందరున మిషను పాఠశాలను స్థాపించిరి. అటుపిమ్మట 21 సంవత్సరములకు, 1864 నవంబరు 1వ తేదీన, తుపానుతో లేచిన ఉప్పెన ఆ పట్టణముపై బడెను. పట్టణమునందును పరిసర గ్రామములందును కలిసి సుమారు 30,000 మంది మరణించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. సముద్రమునకు దూరముగా నున్న విజయవాడకును ఈ భయము లేకపోలేదు. 2024 ఆగష్టు చివరను సెప్టెంబరు మొదటను కురిసిన కుంభవృష్టికి బుడమేటికి గండ్లు పడి, సింగ్‌నగర్ మొదలైన పేటలు దినముల తరబడి నీట మునిగినవి. ఆ దినములయందే ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము పాఱెను.

ఇట్టి సమయమున మొదట కాపాడవలసినది ప్రాణము. పిల్లలను వృద్ధులను మేడమీదికి చేర్చుకొను తొందరలో కాగితముల మాట ఎవరికిని తోచదు, తోచకుండుటయే న్యాయము. నీరు తీసిన పిమ్మట ఇల్లు చేరినవారికి బీరువా క్రింది అరలో ఒకదానికొకటి అంటుకొనిపోయిన కాగితముల కట్ట కనబడును. నేలమీద నుంచిన కంప్యూటరు పెట్టెలో బురద నిండియుండును. బట్టలు మరల కొనవచ్చును, గోడలకు మరల సున్నము వేయవచ్చును. పదియేండ్ల మార్కుల పుస్తకమును మాత్రము ఏ బజారునను కొనలేము. ఆపద వచ్చిన దినమున చేయవీలుకాని పనిని ఎండకాయు దినములలోనే చేసియుంచవలెను.

పూర్వుల ఉపాయము

ఒకటికి రెండు ప్రతులు దాచుట క్రొత్త బుద్ధి కాదు. యెరూషలేము ముట్టడిలో నున్న కాలమున యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలమును కొనెను. ఆ క్రయపత్రమునకు రెండు ప్రతులుండెను. ఒకటి ముద్ర వేయబడినది, రెండవది తెఱచియున్నది. ఆ రెంటిని ప్రవక్త బారూకు చేతికిచ్చి, బహుకాలము నిలుచునట్లు మంటికుండలో నుంచుమని ఆజ్ఞాపించెను. రెండు ప్రతులు, నమ్మదగిన మనుష్యుడు, చెడని పాత్ర: భద్రపఱచుటకు కావలసిన మూడును ఆ కథలో కలవు.

మన దేశమున తాటాకు గ్రంథములకు చెదలును తేమయు శత్రువులు. ఒక ప్రతి పాడగుటకు ముందే వేఱొక ప్రతి వ్రాయించుట మన పెద్దల ఆచారము. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను గారు పండితులకును లేఖకులకును జీతములిచ్చి, తెలుగు కావ్యముల ప్రతులను పలు తావులనుండి తెప్పించి, ఒకదానితో నొకటి పోల్పించి, క్రొత్త ప్రతులు వ్రాయించిరి. అట్లు చేరిన ప్రతులనేకము మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నిలిచియున్నవి. పుట్టిన యింట నశించినను మఱియొక చోట నిలిచిన ప్రతియే గ్రంథమును బ్రదికించును. ఇపుడు చెప్పబోవు భాండాగారమున వ్రాయసకాని పనిని యంత్రము చేయును. ధర్మము మాత్రము అదియే.

మేఘమనగా నేమి?

మేఘమను పేరు విని, మన ఫైళ్లు ఆకాశమున తేలియాడునని భ్రమపడరాదు. అవి ఒక ఊరిలో, ఒక భవనములో, రాత్రింబవళ్లు నడుచు కంప్యూటరు డిస్కుమీద నుండును. అట్టి కంప్యూటరును సర్వరు అందురు. ఇంటర్నెట్టు అవతల నున్న యంత్రసముదాయమును పటములలో మేఘపు బొమ్మతో గుర్తించుట యింజనీర్లకు వాడుక; ఆ బొమ్మ పేరే దీనికి నిలిచెను.

మన కంప్యూటరులో నడుచు చిన్న ప్రోగ్రామును క్లయింటు అందురు. అది మనము చూపిన యొక ఫోల్డరును కావలివానివలె కనిపెట్టియుండును. అందులో క్రొత్త ఫైలు చేరినను, ఉన్న ఫైలు మాఱినను, ఆ మార్పును సర్వరునకు పంపును. సర్వరులో వేఱొకరు మార్పు చేసినయెడల దానిని మన ఫోల్డరులోనికి తెచ్చును. ఇట్లు రెండు చోట్లను ఒక్కతీరుగా నుంచుటకు సింకు చేయుట యని పేరు.

ఇట్టి ప్రోగ్రాములు పెక్కు కలవు. గూగుల్ డ్రైవునకు లైనక్సు కొఱకు ఆ సంస్థవారు క్లయింటును చేసియీయలేదు. డ్రాప్‌బాక్సువారు చేసియిచ్చిరి, కాని వారి సర్వరులు వారి యధీనమున నుండును. మన మిచ్చట నెక్స్ట్‌క్లౌడ్ అనుదానిని గ్రహింతము. జర్మనీ దేశస్థుడగు ఫ్రాంక్ కార్లిట్షెక్ 2010లో ఓన్‌క్లౌడ్ అను పనిని ప్రారంభించి, 2016లో దానినుండి నెక్స్ట్‌క్లౌడ్‌ను వేఱుపఱచెను. దీనికి వెల లేదు. దీని మూలరచన అందఱును చదువవచ్చును. సర్వరును సైతము పాఠశాలవారే నడుపుకొనవచ్చును.

లైనక్సు సంగతి

లైనక్సు అనునది కంప్యూటరును నడుపు మూల ప్రోగ్రాము. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ దానిని 1991లో వ్రాయనారంభించెను. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అను పేర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమునకు పునాది వేసెను. ఈ రెండు కృషుల ఫలమును అందఱును ఉచితముగా వాడుకొనవచ్చును, పరీక్షింపవచ్చును, మార్చుకొనవచ్చును, పొరుగువానికి పంచవచ్చును. మన తెలుగు వారిలో స్వేచ్ఛ అను సంస్థ తెలుగులో పనిచేయు లైనక్సును సిద్ధపఱచి, విద్యార్థులలో దీనిని వ్యాపింపజేయుటకు పాటుపడినది.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ ముగిసినది. క్రొత్త విండోస్‌కు సరిపడని పాత కంప్యూటరులు పాఠశాలలలో ననేకము కలవు. వానిలో పెక్కింటికి లైనక్సుతో మరల ఉపయోగము కలుగును. కావున ఈ పాఠము బీద పాఠశాలలకును పనికివచ్చునది.

కావలసిన సామగ్రి

ఉబుంటు లేక డెబియన్ అను లైనక్సు గల కంప్యూటరు, ఇంటర్నెట్టు, ఆ కంప్యూటరును సవరించు అధికారము గలవారి సంకేతపదము, ఫైళ్లకు చాలినంత స్థలము. వీనికి తోడు నెక్స్ట్‌క్లౌడ్ సర్వరు నడుపువారు మన కిచ్చిన మూడు వివరములు కావలయును: సర్వరు చిరునామా, వాడుకరి పేరు, సంకేతపదము. చిరునామాను కాగితముమీద తప్పులేకుండ వ్రాసికొనవలెను; ఒక్క చుక్క తప్పినను తలుపు తెఱువబడదు.

నెలకొల్పు విధము

మొదటి మెట్టు. కీబోర్డుమీద కంట్రోలు, ఆల్టు అను మీటలను అదిమిపట్టి టి అక్షరమును నొక్కిన, ఉబుంటులో టెర్మినల్ అను కిటికీ తెఱచుకొనును. ఇచ్చట ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరములతో వ్రాయవలెను. ఈ పత్రికలో వాని ఉచ్చారణను తెలుగున నిచ్చుచున్నాము.

రెండవ మెట్టు. "సుడో ఆప్ట్ అప్‌డేట్" అని వ్రాసి ఎంటరు మీటను నొక్కవలెను. సుడో యనగా ఎస్, యు, డి, ఓ అను నాలుగక్షరములు. ఆప్ట్ అనగా ఏ, పి, టి అను మూడక్షరములు. మాటకు మాటకు నడుమ ఖాళీ విడువవలెను. సుడో అను మాట అధికారి యనుమతిని కోరును. ఆప్ట్ అనునది గిడ్డంగి గుమాస్తావంటిది. ఏ ప్రోగ్రాము ఎచ్చట దొరకునో దాని కెఱుక. అప్‌డేట్ అనిన, తన పట్టికను క్రొత్తది చేసికొనును. అపుడు సంకేతపదమడుగును. దానిని వ్రాయుచుండగా తెఱమీద అక్షరములు గాని చుక్కలు గాని కనబడకపోవచ్చును. కీబోర్డు చెడినదని కంగారుపడక, తుదివఱకు వ్రాసి ఎంటరు నొక్కవలెను. ప్రక్కవాడు చూడకుండుటకే ఆ యేర్పాటు.

మూడవ మెట్టు. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ నెక్స్ట్‌క్లౌడ్-డెస్క్‌టాప్" అని వ్రాయవలెను. చివరి రెండు మాటల నడుమ ఖాళీ ఉండరాదు, అడ్డగీత యుండవలెను. గుమాస్తా తాను తేబోవు వస్తువుల జాబితాను, వానికి పట్టు స్థలమును చూపి, సమ్మతమేనా యని యడుగును. వై అక్షరమును నొక్కి ఎంటరు నొక్కిన, ప్రోగ్రాము దిగివచ్చి తన చోట కూర్చుండును. అధికారము గలవారి సమ్మతి లేక పాఠశాల కంప్యూటరులో ఈ పని చేయరాదు.

నాలుగవ మెట్టు. ప్రోగ్రాముల పట్టికలో నెక్స్ట్‌క్లౌడ్ పేరును వెదకి తెఱువవలెను. లాగిన్ అను మీటను నొక్కి, అడిగినచోట సర్వరు చిరునామాను వ్రాయవలెను. అంతట బ్రౌజరు తెఱచుకొనును. అందు వాడుకరి పేరును సంకేతపదమును ఇచ్చి, ఈ కంప్యూటరునకు ప్రవేశము నిచ్చుటకు సమ్మతించు మీటను నొక్కవలెను. చిరునామా మొదట హెచ్, టి, టి, పి, ఎస్ అను అయిదక్షరములున్నవో లేవో చూడవలెను. ఎస్ లేనియెడల త్రోవలో నితరులు చదువ వీలగును గనుక సంకేతపదమును వ్రాయరాదు.

అయిదవ మెట్టు. ఏ ఫోల్డరులను సింకు చేయవలెనో ప్రోగ్రాము అడుగును. స్థలము చాలియున్న అన్నియు గైకొనవచ్చును. చాలనియెడల అవసరమైనవానినే యెన్నుకొనవలెను. సాధారణముగా మన స్వగృహమను ఫోల్డరులో నెక్స్ట్‌క్లౌడ్ అను క్రొత్త ఫోల్డరు ఏర్పడును. భద్రపఱచదలచిన ఫైళ్లను అందులో నుంచవలెను. దాని వెలుపలనున్నవానిని, మనము ప్రత్యేకముగా చూపిననే తప్ప, క్లయింటు ముట్టదు. ఈ సంగతి మఱచి, బల్లమీద నుంచిన ఫైళ్లుకూడ భద్రముగా నున్నవని తలచుట పొరపాటు.

పరీక్ష

పని ముగిసెనని నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. ఆ ఫోల్డరులో నొక చిన్న ఫైలును సృజించి, దానికి తెలుగుననే పేరు పెట్టి, నాలుగు పంక్తులు వ్రాసి దాచుడు. సింకు ముగిసినట్లు క్లయింటు పచ్చని గుర్తు చూపును. అంతట మఱియొక కంప్యూటరునుండి గాని ఫోనునుండి గాని బ్రౌజరులో సర్వరును తెఱచి, ఆ నాలుగు పంక్తులును చదువుడు. తరువాత ఆ ఫైలును తుడిచివేసి, సర్వరునందలి తొలగించిన ఫైళ్ల అరనుండి మరల తెప్పించుడు. దాచుట సగము పని. తిరిగి తీయగలుగుట రెండవ సగము. రెండవ సగమును ఎన్నడును పరీక్షింపనివాడు తన భద్రతను ఎఱుగడు.

మేఘమువలన కాని పని

మన డెల్టా గ్రామములలో వేసవిని కాలువలు కట్టివేయుటకు ముందు, కాలువ నీటితో మంచినీటి చెఱువులను నింపుదురు. కాలువలో నీరులేని దినములలో ఊరివారు ఆ చెఱువు నీరే త్రాగుదురు. మన ఫోల్డరు అట్టి చెఱువు, ఇంటర్నెట్టు కాలువ. ఇంటర్నెట్టు ఆగినను ఫోల్డరులోనికి వచ్చియున్న ఫైళ్లు మనకు అందుబాటులోనే యుండును. కాలువ మరల పాఱిన వెంటనే మార్పులు అటునిటు చేరును.

కాని కాలువకు మంచి నీటిని చెడ్డ నీటిని వేఱుచేయు శక్తి లేదు. పైన మురికి కలిసిన, అది చెఱువులోనికి వచ్చును. అట్లే మన మొక ఫైలును పొరపాటున తుడిచివేసిన, ఆ తుడుపుకూడ సర్వరునకు చేరును. అచ్చటినుండి మిగిలిన కంప్యూటరు లన్నింటికిని ప్రాకును. ఒక విద్యార్థి చేసిన పొరపాటు నలుగురి ఫోల్డరులలో క్షణములో నెఱవేఱును. తొలగించిన ఫైళ్లను నెక్స్ట్‌క్లౌడ్ సాధారణముగా 30 దినములు దాచియుంచును. సర్వరు నడుపువారు ఆ గడువును మార్చవచ్చును. వేసవి సెలవులలో జరిగిన నష్టమును పాఠశాల తెఱచిన పిమ్మట కనుగొన్నవారికి ఆ గడువు చాలదు.

ఇద్దఱు ఒకే ఫైలును ఒకే కాలమున, ఇంటర్నెట్టు లేని వేళ, వేఱువేఱుగా దిద్దినచో, క్లయింటు ఏ యొక్కరి పనిని పాఱవేయక రెండవ ప్రతిని వేఱు పేరుతో నిలుపును. అట్టి ప్రతి కనబడినపుడు దానిని తుడిచివేయుటకు తొందరపడక, రెంటిని చదివి, మనుష్యుడే కలుపవలెను.

కావున సింకు చేయుట వేఱు, భద్రపు ప్రతి యుంచుట వేఱు. ఈ వ్యాసమున ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మిదియే. పెద్దలు చెప్పు నియమము సులభమైనది: ప్రతులు మూడుండవలెను, అవి రెండు విధములైన సాధనములమీద నుండవలెను, అందొకటి వేఱు ఊరిలో నుండవలెను. కంప్యూటరులో నొకటి, దూరపు సర్వరులో నొకటి, నెలకొకసారి నకలు తీసి విప్పి దాచిన డిస్కుమీద నొకటి యున్నయెడల నియమము నెఱవేఱినట్లే. విప్పి దాచిన డిస్కునకు తుడుపు ప్రాకదు. అదియే దాని గుణము.

సర్వరు ఎచ్చట నుండవలెను?

పాఠశాలవారే సర్వరు నడుపదలచిన, ఉబుంటులో "సుడో స్నాప్ ఇన్‌స్టాల్ నెక్స్ట్‌క్లౌడ్" అను ఒక్క యాజ్ఞతో దానిని నెలకొల్పవచ్చును. నెలకొల్పుట సులభము, ప్రతిదినము కాపాడుట కష్టము. క్రొత్త సవరణలను ఎప్పటికప్పుడు చేర్పవలెను. సంకేతపదములను గోప్యముగా నుంచవలెను. పనివాడు మాఱినపుడు తాళపుచెవులు చేతులు మాఱవలెను. అన్నింటికంటె ముఖ్యముగా దాని తావును విచారింపవలెను. హాజరు పట్టీలున్న గదిలోనే, నేలమీదనే, సర్వరును నుంచిన, వరద వచ్చిన దినమున కాగితమును మేఘమును కలిసియే మునుగును. పై అంతస్తున నుంచుట మేలు. మఱియొక జిల్లాలోని సోదర పాఠశాలతో మాటాడుకొని, వారి ప్రతి మన యొద్దను, మన ప్రతి వారి యొద్దను ఉంచుకొనుట అంతకంటె మేలు. అట్టి ప్రతిని తాళము వేసిన పెట్టెవలె సంకేతలిపిలో నుంచవలెను. ఏలయన బాలుర మార్కులును తల్లిదండ్రుల వివరములును ఇతరులు చదువదగినవి కావు.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. మీ పిల్లలు ఈ విద్యను నేర్చిన పిమ్మట, ఇంటిలోని ముఖ్య పత్రములను వారిచేత ఫొటో తీయించి ఈ విధముగా దాచుకొనుడు. నకలు అసలు పత్రమునకు సమానము కాదు. అయినను అసలు పోయిన దినమున సంఖ్య, తేదీ, కార్యాలయము పేరు తెలియుటచేత క్రొత్త పత్రమును కోరుట సులభమగును.

అభ్యాసము

1. ఫోల్డరునకును చెఱువునకును గల పోలికను చెప్పి, తుడిచివేసిన ఫైలు ఏల అన్ని చోట్లను పోవునో వివరింపుడు.

2. యిర్మీయా క్రయపత్రమును దాచిన రీతిలో పైన చెప్పిన మూడు ప్రతుల నియమమునకు సరిపడునదేది? సరిపడనిదేది?

3. మీ తరగతిలో నలుగురు కలిసి ఒక ఫోల్డరును సింకు చేసి, ఒకరు ఫైలును తొలగింపగా, మఱియొకరు దానిని తిరిగి తెప్పింపుడు. పట్టిన కాలమును వ్రాసికొనుడు.

4. నీరు వచ్చిన యెడల మీ యింట మరల సంపాదింపరాని కాగితము లేవో తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి పట్టిక వ్రాయుడు. వచ్చు వర్షకాలమునకు ముందు వాని నకళ్లు వేఱొక ఊరికి చేరవలెను.